ఇవ్వక తప్పని కానుక

(ప్రసంగ పాఠం)



పనిచోట స్త్రీల మీద అమలయ్యే రాతలో లేని నియమాల గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. దానికి నేను ఎంచుకున్న ఉదాహరణ మీలో కొందరికి వింతగా అనిపించవచ్చు. జపాన్ దేశంలో ఫిబ్రవరి 14న, ప్రేమికుల రోజున, ఆడవాళ్ళు మగవాళ్ళకు చాకొలెట్లు పంచే ఆచారం గురించి మాట్లాడబోతున్నాను. కనీస వేతనాలు, గృహహింస, వరకట్న హత్యలు, ఇన్ని సమస్యలు కళ్ళెదుట ఉండగా చాకొలెట్ల మాటేమిటని మీరు అడగవచ్చు. అడగాలి కూడా.

నా జవాబు ఇది. ఈ ఆచారంలో ఎవరూ చెయ్యి ఎత్తరు, గొంతు పెంచరు. కాగితం మీద ఎక్కడా ఆజ్ఞ ఉండదు. అయినా లక్షలాది స్త్రీలు దశాబ్దాల పాటు ఒకే రోజున, తమ జీతం డబ్బుతో, ఒకే పని చేస్తూ వచ్చారు. ఎవరూ చెప్పని పని అందరూ ఎందుకు చేస్తారు? దీనికి జవాబు దొరికితే మన ఆఫీసుల్లో, మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ చేత 'ఇష్టపూర్వకంగా' చేయించే పనుల సంగతి కూడా కొంత అర్థమవుతుంది.

జపాన్ అనగానే మనకు అభివృద్ధి గుర్తొస్తుంది. కానీ 2023లో ప్రపంచ ఆర్థిక వేదిక స్త్రీ పురుష అంతరాల మీద వేసిన లెక్కలో 146 దేశాల్లో జపాన్‌ది 125వ స్థానం, మనది 127వ స్థానం. సంపదలో అంత దూరాన ఉన్న రెండు దేశాలు ఈ జాబితాలో దాదాపు పక్కపక్కనే కూర్చున్నాయి.

ముందు ఆచారం ఏమిటో చెబుతాను. చాలా దేశాల్లో ప్రేమికుల రోజున స్త్రీలూ పురుషులూ ఒకరికొకరు కానుకలిచ్చుకుంటారు, లేదా పురుషుడు స్త్రీకి ఇస్తాడు. జపాన్‌లో ఆ రోజున ఇచ్చేది స్త్రీ, పుచ్చుకునేది పురుషుడు. ఇచ్చే చాకొలెట్లకు రకాలున్నాయి, వాటికి పేర్లున్నాయి. మనసులో ఉన్న మనిషికి ఇచ్చేది 'హోన్మెయ్ చోకో', అంటే అసలైనది. ఆఫీసులో పై అధికారికి, తోటి మగ ఉద్యోగులకు, వ్యాపార సంబంధం ఉన్నవాళ్ళకు ఇచ్చేది 'గిరి చోకో'. జపనీస్ భాషలో గిరి అంటే సంఘంలో బతుకుతున్నందుకు తీర్చవలసిన బాధ్యత, మొహమాటం, రుణం, అన్నీ కలిసిన మాట. మన భాషలో గిరి అంటే కొండ. రెండూ బరువైనవే.

నెల రోజుల తరువాత, మార్చి 14న, 'వైట్ డే' వస్తుంది. ఆ రోజున చాకొలెట్లు పుచ్చుకున్న పురుషులు బదులు కానుక ఇవ్వాలి. అందుకున్న దానికి మూడింతలు తిరిగి ఇవ్వాలని ఒక నానుడి కూడా ఉంది.

ఇదంతా జపాన్ ప్రాచీన సంస్కృతి అనుకుంటే పొరపాటు. దీని వయసు మనలో చాలామంది తల్లుల వయసు కంటే తక్కువ. 1936లో కోబె నగరానికి చెందిన మొరొజోఫ్ అనే మిఠాయి సంస్థ ప్రేమికుల రోజుకు చాకొలెట్లు ఇమ్మని ఒక ప్రకటన వేసింది. అది వేసింది జపాన్‌లో ఉండే విదేశీయులు చదివే ఇంగ్లీషు పత్రికలో. మామూలు జనానికి ఆ సంగతి పట్టలేదు. 1958లో మేరీ చాకొలేట్ అనే సంస్థ టోక్యోలో ఇసెతాన్ అనే పెద్ద దుకాణంలో ప్రేమికుల రోజు అమ్మకం పెట్టింది. సంస్థ స్వయంగా చెప్పుకునే లెక్క ప్రకారం అప్పుడు అమ్ముడైనవి మూడే మూడు చాకొలెట్ బిళ్ళలు, ఒక కార్డు. మరుసటి సంవత్సరం హృదయం ఆకారంలో చాకొలెట్లు చేయించి, స్త్రీ తన ప్రేమను తానే చెప్పుకోగలిగే రోజు ఏడాదిలో ఇదొక్కటే అనే ప్రచారం మొదలుపెట్టింది.

ఈ ప్రచారం తెలివిని మనం గమనించాలి. ఆ రోజుల్లో కొనుగోలు చేసేది ఎక్కువగా స్త్రీలు. స్త్రీ తన ప్రేమను తానే చెప్పడం తప్పుగా చూసే సమాజంలో ఆ మాట స్వేచ్ఛలాగే వినిపించింది. ఆ కోరిక నిజమైనది, దాన్ని నేను తక్కువ చేయను. అయితే ఏడాదికి ఒక్క రోజు నోరు విప్పే వీలిచ్చారంటే మిగిలిన 364 రోజులు మూసుకోవలసిందేనని ఒప్పుకున్నట్టే. పైగా ఆ ఒక్క రోజు మాట కూడా దుకాణంలో కొని చెప్పాలి.

1970లలో బడి పిల్లలు, యువతులు దీన్ని అందుకున్నారు. 1980లలో ఆచారం ఆఫీసుల్లోకి వచ్చి స్థిరపడింది. 1978లో ఫుకువోకా నగరంలోని ఇషిమురా మన్‌సెయిదో అనే మిఠాయి సంస్థ మార్చి 14ను 'మార్ష్‌మెలో రోజు'గా మొదలుపెట్టింది. పుచ్చుకున్న మగవాళ్ళు తిరిగి ఏమీ ఇవ్వకపోవడం అన్యాయమని ఒక పాఠకురాలు పత్రికకు రాసిన ఉత్తరం చూసి తమకు ఈ ఆలోచన వచ్చిందని ఆ సంస్థ చెప్పుకుంటుంది. 1980 నుండి మిఠాయి తయారీదారుల జాతీయ సంఘం దీన్ని 'వైట్ డే' పేరుతో దేశమంతటా జరిపింది. ఒక ఆడమనిషి అన్యాయమని రాస్తే, దానికి పరిష్కారంగా ఇంకో అమ్మకం రోజు పుట్టింది. తరువాత ఈ రెండు రోజులూ దక్షిణ కొరియాకు కూడా పాకాయి.

ప్రకటనలు ఎన్నో వస్తాయి, అన్నీ ఆచారాలు కావు. ఇది ఎందుకు నిలబడింది? ప్రధానంగా రెండు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, జపాన్ సమాజంలో కానుకల లెక్క చాలా పాతది, చాలా గట్టిది. వేసవిలో 'ఒచూగెన్', సంవత్సరాంతంలో 'ఒసెయ్‌బో' అని రెండు కానుకల కాలాలున్నాయి. పై అధికారికి, గురువుకు, పెళ్ళి కుదిర్చిన పెద్దకు కానుకలు వెళతాయి. చావు ఇంటికి డబ్బు కవరులో పెట్టి ఇస్తారు. ఆ ఇంటివారు ఎవరెంత ఇచ్చారో రాసిపెట్టుకుని, దాదాపు సగం విలువ చేసే వస్తువును తిరిగి పంపుతారు. తిరిగి ఇచ్చే కానుకకు 'ఒకాయెషి' అని ప్రత్యేకంగా పేరే ఉంది. ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లోనే, కానుక స్వేచ్ఛగా ఇచ్చినట్టు కనిపించినా ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం మూడూ తప్పనిసరి బాధ్యతలేనని వివరించాడు. ఆయన వివరంలో మనం గట్టిగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ లెక్కంతా గుర్తుపెట్టుకునేది ఎవరు? ఎవరికి ఏం పంపాలి, ఎంత ఖరీదులో పంపాలి, ఏ తేదీ లోపు చేరాలి అని చూసుకునేది చాలా ఇళ్ళల్లో భార్య. కానుక మీద పేరు మాత్రం భర్తది. చాకొలెట్ల ఆచారం రాకముందే ఈ శ్రమ ఆడవాళ్ళ చేతికి అలవాటై ఉంది.

రెండవది, ఆఫీసుల్లో ఉన్న శ్రమ విభజన. జపాన్‌లో ఆఫీసు ఉద్యోగినులను 'ఓఎల్' అంటారు. ఆఫీస్ లేడీ అనే మాటకు అది పొట్టి రూపం. 1960లలో ఒక మహిళా పత్రిక వ్యాప్తిలోకి తెచ్చిన పేరు ఇది. కాగితాలు నకలు తీయడం, ఫోన్లు ఎత్తడం, వచ్చినవారికి టీ పెట్టి ఇవ్వడం ఆమె పనిగా ఉండేది. పెళ్ళి కాగానే మానేస్తుందని కంపెనీ ముందే అనుకునేది. 1985లో జపాన్ సమాన ఉపాధి అవకాశాల చట్టం చేసింది, అది 1986 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చింది. అయితే నియామకాల్లో, పదోన్నతుల్లో వివక్ష చూపకుండా ప్రయత్నించమని మాత్రమే ఆ చట్టం యజమానులకు చెప్పింది. నిషేధం 1997 సవరణతో గానీ రాలేదు. ఈలోగా పెద్ద కంపెనీలు ఉద్యోగాలను రెండు దారులుగా విడగొట్టాయి. పదోన్నతులుండే దారిలో దాదాపు అందరూ మగవాళ్ళే, మామూలు పనుల దారిలో దాదాపు అందరూ ఆడవాళ్ళే. చట్టం ఒకటే, దారులు రెండు. గిరి చోకో ఆఫీసుల్లో వేళ్ళూనినది సరిగ్గా ఈ కాలంలోనే.

కొన్నేళ్ళ క్రితం నేను ఒక పరిశోధన పని మీద కొన్ని నెలలు టోక్యోలో ఉన్నాను. నేను కూర్చునే విభాగంలో ఒప్పందం మీద పనిచేసే ఒక ఉద్యోగిని ఉండేది. ఫిబ్రవరి మొదటి వారంలో ఆమె బల్ల మీద ఒక చిన్న జాబితా చూశాను. పదకొండు మంది మగవాళ్ళ పేర్లు, ఒక్కొక్క పేరు పక్కన ఒక అంకె. విభాగాధిపతికి కాస్త ఖరీదైనది, మిగిలిన వాళ్ళందరికీ ఒకే ధరవి. ఒకరికి ఎక్కువైతే అపార్థం, ఒకరికి తక్కువైతే అవమానం. "ఇవ్వకపోతే ఏమవుతుంది?" అని అడిగాను. "ఎవరూ ఏమీ అనరు. కానీ ఇవ్వలేదన్న సంగతి అందరికీ తెలుస్తుంది," అంది. కొంచెం ఆగి, "నా ఒప్పందం మార్చి నెలాఖరుతో ముగుస్తుంది," అని చెప్పి మళ్ళీ పనిలో పడింది.

ఆ రెండో వాక్యం మీద నేను చాలా రోజులు ఆలోచించాను. జపాన్‌లో ఆర్థిక సంవత్సరం మన దగ్గర లాగే మార్చి 31తో ముగుస్తుంది. బదిలీలు, ఒప్పందాల పొడిగింపులు ఆ రోజుల్లోనే తేలుతాయి. చాకొలెట్ ఇవ్వలేదని ఎవరి ఉద్యోగమూ తీసేయకపోవచ్చు. కానీ తీసేస్తారా లేదా అన్నది తన చేతిలో లేని మనిషి, తన చేతిలో ఉన్న చిన్న చిన్న జాగ్రత్తలన్నీ తీసుకుంటుంది. జపాన్‌లో ఉద్యోగాలు చేసే స్త్రీలలో సగం కంటే ఎక్కువమంది శాశ్వత ఉద్యోగులు కారు. 2022లో యాజమాన్య పదవుల్లో ఉన్నవారిలో స్త్రీలు సుమారు 13 శాతం మాత్రమే. 2021 లెక్కల్లో స్త్రీ పురుషుల జీతాల మధ్య తేడా 22 శాతం దాకా ఉంది. తక్కువ జీతం తీసుకునే వాళ్ళు ఎక్కువ జీతం తీసుకునే వాళ్ళకు కానుకలు కొనిపెట్టే ఆచారం ఇది. ఈ అంకెల పక్కన పెట్టి చూస్తే ఆ జాబితా అర్థమవుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని గౌరవంగా చర్చించాలి. యూకో ఒగసవారా అనే సామాజిక శాస్త్రవేత్త టోక్యోలోని ఒక పెద్ద బ్యాంకులో కొన్ని నెలలు మామూలు ఉద్యోగినిలాగే పనిచేసి, 1998లో ఒక పుస్తకం ప్రచురించింది. ఉద్యోగినులు నిస్సహాయులేమీ కారని ఆమె చూపించింది. ప్రేమికుల రోజు ఆఫీసులో మగవాళ్ళకు ఒక పరీక్ష లాంటిది. ఎవరి బల్ల మీద ఎన్ని పొట్లాలున్నాయో అందరూ చూస్తారు. ఆడవాళ్ళను చులకనగా చూసే అధికారికి ఆ రోజున ఆ సంగతి తెలిసివస్తుంది. అందుకే మగవాళ్ళు ఉద్యోగినుల మనసు నొప్పించకుండా ఒళ్ళు దగ్గర పెట్టుకుని మసలుకుంటారు.

ఇది నిజమే, ఈ ప్రతిఘటనను మనం గుర్తించాలి. అధికారం లేనివాళ్ళు దొరికిన ఆయుధంతోనే పోరాడతారు. అయితే ఒగసవారా అక్కడితో ఆగలేదు. ఈ పద్ధతిలో పోరాడిన కొద్దీ, ఆడవాళ్ళు ఇష్టాయిష్టాలతో నడిచేవాళ్ళు, పెద్ద బాధ్యతలకు పనికిరారు అనే పాత అభిప్రాయమే బలపడుతుందని ఆమె చెప్పింది. నేనొకటి కలుపుతాను. చాకొలెట్ రాని అధికారికి ఒక పూట చిన్నతనం కలగవచ్చు. అతని జీతం తగ్గదు, పదోన్నతి ఆగదు. ఆమెకు మాత్రం ఆ దారి మొదటి నుంచీ మూసే ఉంది.

వైట్ డే ఉంది కదా, మగవాళ్ళు మూడింతలు తిరిగి ఇస్తారు కదా, లెక్క సరిపోతుంది కదా అని ఇంకొకరు అనవచ్చు. డబ్బు లెక్క కొన్ని సందర్భాల్లో సరిపోవచ్చు. కానీ మొదట ఇవ్వవలసిన భారం ఎవరి మీద ఉందో చూడండి. ఎవరికి ఇవ్వాలి, ఎవరిని వదలాలి, తూకం ఎట్లా పాటించాలి అనే ఆలోచన అంతా ఆమెది. అతను అందుకున్న పొట్లాల సంఖ్యకు బదులు చెబితే చాలు. ఆ బదులు కానుకను కూడా భార్య చేత కొనిపించే భర్తల ఇళ్ళల్లో, ఒక మగవాడి మర్యాద కోసం ఇద్దరు ఆడవాళ్ళు దుకాణాల చుట్టూ తిరిగినట్టయింది.

ఇప్పుడు ఈ ఆచారం మారుతోంది, అది ఎట్లా మారిందన్నది మనకు ముఖ్యం. 2018 ఫిబ్రవరి 1న గొడైవా అనే చాకొలెట్ సంస్థ నిక్కెయ్ పత్రికలో పూర్తి పేజీ ప్రకటన వేసి, గిరి చోకోను మానేద్దామని జపాన్‌కు పిలుపునిచ్చింది. ప్రేమికుల రోజు సెలవు రోజున వస్తే లోలోపల ఊపిరి పీల్చుకునే స్త్రీలున్నారని, ఇది ఆఫీసు సంబంధాలను సర్దుకునే రోజు కాదని అందులో రాసింది. ఇబ్బంది పడవద్దని కంపెనీల అధిపతులే ఉద్యోగినులతో చెప్పాలని కోరింది. ఖరీదైన చాకొలెట్లు అమ్మే సంస్థకు చవక రకం గిరి చోకో పోతే వచ్చే నష్టం పెద్దదేమీ కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. అప్పటికే యూరాకు అనే మరో సంస్థ తన చవక చాకొలెట్‌ను, చూడగానే మొహమాటపు కానుకని తెలిసిపోయే చాకొలెట్ అంటూ ప్రకటనలు ఇచ్చుకుంటోంది. బాధ్యత ఉన్నా అమ్మకమే, బాధ్యత వద్దన్నా అమ్మకమే.

ఆ ప్రకటన మీద దేశమంతా చర్చ జరిగింది. కొన్ని కంపెనీలు ఆఫీసులో ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని నిషేధించాయి కూడా. చాలామంది స్త్రీలు స్నేహితురాళ్ళకు 'తోమో చోకో' ఇచ్చుకుంటున్నారు, తమ కోసం తామే కొనుక్కుంటున్నారు. సంతోషమే. కానీ ఆడవాళ్ళు దశాబ్దాలుగా తమలో తాము చెప్పుకున్న మాటకు, ఒక కంపెనీ పేజీ కొని అచ్చు వేయిస్తే గానీ విలువ రాలేదు. ఆ ప్రకటన కూడా అడిగింది అధిపతుల అనుమతినే.

దీని పక్కన ఇంకొక ఉదాహరణ పెడతాను. 2019లో యూమి ఇషికావా అనే నటి, రచయిత్రి, ఉద్యోగంలో ఎత్తు మడమల చెప్పులు తప్పనిసరి చేయడం మీద ఉద్యమం మొదలుపెట్టింది. దాని పేరు 'కూటూ'. జపనీస్‌లో చెప్పు అనే మాట, నొప్పి అనే మాట దాదాపు ఒకేలా వినిపిస్తాయి, ఆ పేరు అందులోంచి వచ్చింది. ఆమె 18 వేలకు పైగా సంతకాలు సేకరించి ఆ జూన్‌లో కార్మిక శాఖకు ఇచ్చింది. 2020లో జపాన్ ఎయిర్‌లైన్స్ తన ఉద్యోగినులకు ఆ నియమాన్ని సడలించింది. చెప్పుల నియమం చాలాచోట్ల కంపెనీ పుస్తకంలో ఉంది కాబట్టి దాన్ని వేలెత్తి చూపించి తీసేయమని అడగగలిగారు. చాకొలెట్ నియమం ఏ పుస్తకంలోనూ లేదు. ఎవరి మీద ఫిర్యాదు చేయాలి? "మేము అడగలేదు, వాళ్ళే ప్రేమగా ఇస్తున్నారు," అంటారు. రాతలో లేని నియమానికి ఉన్న బలం ఇదే. పాటించే వాళ్ళకు అది ఆజ్ఞ, లాభపడే వాళ్ళకు అది ఆప్యాయత.

ఈ మాట మనకు కొత్త కాదు. 1961 వరకట్న నిషేధ చట్టం ఎవరూ అడగకుండా ఇచ్చే పెళ్ళి కానుకలను నేరం కిందికి తీసుకురాదు. వాటిని జాబితా రాయాలని 1985 నియమాలు చెబుతున్నాయి. అమ్మాయి తరఫు వాళ్ళు ఇచ్చేవి ఆచార ప్రకారం ఉండాలని, వాళ్ళ తాహతుకు మించకూడదని చట్టం అంటుంది. అడగలేదు, ఆచారం అనే ఈ రెండు మాటల చాటున ఏం జరుగుతుందో మీలో కేసులు నడిపిన వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. చాకొలెట్‌కూ కట్నానికీ పోలిక లేదు, ఒకదానిలో ప్రాణాలు పోతున్నాయి. కానీ రెండింటిలోనూ ఇష్టం అనే మాట ఎవరి నోట వస్తోందో చూడవలసి ఉంటుంది.

అందుకే పనిచోట స్త్రీలతో కూర్చున్నప్పుడు మూడు ప్రశ్నలు అడగమని మిమ్మల్ని కోరుతున్నాను. మీరు ఇష్టంతో చేస్తున్నామని చెప్పే పనుల్లో, మానేస్తే గమనించబడేవి ఏవి? ఆ పనికి అయ్యే డబ్బు, సమయం, ఆలోచన ఎవరివి? అదే పని పక్క బల్ల దగ్గరి మగ ఉద్యోగి చేయకపోతే ఎవరైనా గుర్తుపెట్టుకుంటారా? పై అధికారి పుట్టినరోజుకు చందాలు వసూలు చేసేది, మీటింగులో టీలు అందించేది, పదవీ విరమణ సభకు శాలువా కొనుక్కొచ్చేది ఎవరో రాసి చూడండి. ఒక నెల రాసినా చాలు. టోక్యోలో ఆ ఉద్యోగిని రాసుకున్న జాబితాను ఆమె ఒక్కతే చూసుకుంది. అటువంటి జాబితాలు పది మంది కలిసి చదువుకుంటే అది సంఘం మాట్లాడవలసిన విషయం అవుతుంది.

ఇవ్వడం మీద నాకు కోపం లేదు. మనం ఒకరికొకరం పెట్టుకునే ముద్ద, కట్టుకొచ్చే పూలు, పంచుకునే పచ్చడి మన జీవితాల్లో మంచి భాగం. ఇవ్వకపోయినా నష్టం లేని చోట ఇచ్చినదే కానుక. ఇవ్వకపోతే భయం ఉన్న చోట ఇచ్చేది పన్ను. ఆ పన్ను వేసింది ఎవరో, ఏ అధికారంతో వేశారో అడిగే హక్కు కట్టే వాళ్ళకు ఉంది. ఆ హక్కును వాడుకుందాం.